అగార్–జింక్ ఆక్సైడ్ నానో ఫిల్మ్: బ్యాక్టీరియాను అణచే ఆహార ప్యాకింగ్ పొరను ప్రయోగశాలలో తయారుచేసి పరీక్షించే విధానం

ఆహారం చుట్టూ ఉండే పొర గాలినీ తేమనూ ఆపడంతో సరిపెట్టుకోకుండా, తనను తాకిన బ్యాక్టీరియాను కూడా అణచగలిగితే ఆ ఆహారం మరికొన్ని రోజులు నిలుస్తుంది. ఒక పాలిమర్‌లో 100 నానోమీటర్ల కంటే చిన్నవైన క్రియాశీల కణాలను చెదరగొట్టి తయారుచేసే ఇలాంటి పొరలనే సూక్ష్మజీవి నిరోధక నానో కాంపోజిట్ ఫిల్మ్‌లు అంటున్నారు. అగార్ (సముద్రపు నాచు నుంచి తీసే, గడ్డకట్టే గుణమున్న పాలిమర్), జింక్ ఆక్సైడ్‌లతో అటువంటి ఫిల్మ్‌ను పెట్రీ ప్లేటులో ఎలా పోయాలో, పోసిన తరువాత అది నిజంగా పనిచేస్తున్నదో లేదో ఎలా తేల్చుకోవాలో ఈ వ్యాసం అంచెలంచెలుగా వివరిస్తుంది. మాగ్నెటిక్ స్టిర్రర్, సోనికేటర్ (అతిధ్వని తరంగాలతో కణాలను విడదీసే పరికరం), ఓవెన్, యూవీ–విజిబుల్ స్పెక్ట్రోఫోటోమీటర్, సూక్ష్మజీవశాస్త్ర పరీక్షలకు కనీస వసతి ఉన్న ఏ ప్రయోగశాలలోనైనా ఈ పని చేయవచ్చు.

ఫిల్మ్ పోయడం కష్టమైన పని కాదు. అందులోని జింక్ ఏ రూపంలో ఉన్నది, ఎంత ఉన్నది, ఎక్కడికి పోతున్నది అన్న లెక్క తప్పకుండా ఉంచుకోవడమే కష్టం. అందువల్ల ప్రతి దశలోనూ ‘ఇప్పుడు జింక్ ఎక్కడ ఉంది?’ అని మిమ్మల్ని మీరు ప్రశ్నించుకుంటూ ముందుకు సాగండి.

కైటోసాన్‌తో ఎందుకు మొదలుపెట్టకూడదు

ఈ పనికి కొత్తగా వచ్చేవారు సాధారణంగా కైటోసాన్‌ను ఎంచుకుంటారు. రొయ్యల, పీతల పెంకుల్లోని కైటిన్ నుంచి వచ్చే ఈ పాలిమర్‌కు స్వతహాగానే కొంత బ్యాక్టీరియా నిరోధక గుణం ఉంది. చక్కటి పొరగా కూడా ఏర్పడుతుంది. అయితే అది తటస్థమైన నీటిలో కరగదు, కాబట్టి సాధారణంగా 1 శాతం ఎసిటిక్ ఆమ్లంలో కరిగిస్తారు. ఆ ద్రావణం పీహెచ్ 4కు అటూ ఇటూగా ఉంటుంది. జింక్ ఆక్సైడ్‌ది ఇందుకు విరుద్ధమైన స్వభావం. ఆమ్లంలో వేస్తే అది కరిగి జింక్ అయాన్లుగా మారిపోతుంది.

బీకరులో జరిగేది చూడండి. తెల్లని పొడి వేయగానే ద్రావణం పాలలాగా మారుతుంది. కలుపుతూ ఉంటే క్రమంగా తేటపడుతుంది. దాన్ని చూసి కణాలు అద్భుతంగా విడిపోయాయని సంబరపడతాం. నిజానికి అవి విడిపోలేదు, కరిగిపోయాయి. ఆరిన తరువాత చేతికి వచ్చేది జింక్ అయాన్లు కట్టుబడి ఉన్న కైటోసాన్ పొరే తప్ప నానో కణాల ఫిల్మ్ కాదు. అది బ్యాక్టీరియాను చంపవచ్చు కూడా. కానీ ఆ ఫలితాన్ని నానో కణాల ఖాతాలో వేయడం తప్పు. కైటోసాన్ తప్పనిసరి అయితే ఆమ్లానికి తట్టుకునే టైటానియం డయాక్సైడ్ వంటి కణాన్ని ఎంచుకోండి. జింక్ ఆక్సైడ్ తప్పనిసరి అయితే తటస్థ నీటిలో కరిగే పాలిమర్‌ను ఎంచుకోండి.

అగార్‌ను సిఫారసు చేయడానికి మూడు కారణాలున్నాయి. అది మామూలు నీటిలో, ఆమ్లం అవసరం లేకుండా, వేడికి కరుగుతుంది. చల్లారుతున్నప్పుడు సుమారు 35–40 డిగ్రీల సెల్సియస్ దగ్గర గడ్డకట్టి, కణాలు అడుగుకు దిగిపోయే వ్యవధి ఇవ్వకుండా వాటిని ఉన్నచోటే పట్టి ఉంచుతుంది. మూడవది నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది: అగార్ బ్యాక్టీరియాను చంపదు. సూక్ష్మజీవులను పెంచడానికి ప్రయోగశాలలన్నీ వాడే పదార్థమే అది. అందువల్ల నానో కణాలు లేని అగార్ ఫిల్మ్‌కూ, ఉన్న ఫిల్మ్‌కూ మధ్య కనబడే తేడా నేరుగా జింక్ వల్లనే వచ్చిందని చెప్పగలుగుతాం.

దాని లోపం కూడా ముందే తెలుసుకోవాలి. అగార్ ఫిల్మ్ నీటిని పీల్చి ఉబ్బుతుంది, నీటి ఆవిరిని బాగా ఆపలేదు. రసం కారే ఆహారాన్ని దీనిలో చుట్టి రోజుల తరబడి ఉంచాలన్న ఆలోచన మానుకోండి.

పరిమాణాల లెక్క

పొడిని తూచడానికి ముందు కాగితం మీద లెక్క వేయండి. 90 మిల్లీమీటర్ల పెట్రీ ప్లేటు లోపలి వైశాల్యం సుమారు 61 చదరపు సెంటీమీటర్లు. 100 మి.లీ. నీటికి 2 గ్రాముల అగార్, అగార్ బరువులో 30 శాతం అంటే 0.6 గ్రాముల గ్లిసరాల్, అగార్ బరువులో 3 శాతం అంటే 0.06 గ్రాముల జింక్ ఆక్సైడ్ తీసుకుంటే మొత్తం ఘనభాగం 2.66 గ్రాములవుతుంది. ప్లేటుకు 20 మి.లీ. పోస్తే 0.53 గ్రాముల ఘనభాగం 61 చదరపు సెంటీమీటర్ల మీద పరుచుకుంటుంది. ఆరిన ఫిల్మ్ సాంద్రత ఘన సెంటీమీటరుకు 1.4 గ్రాములనుకుంటే మందం సుమారు 62 మైక్రాన్లు వస్తుంది. మైక్రోమీటరుతో కొలిచినప్పుడు ఇందుకు చాలా దూరంగా ఉన్న సంఖ్య వస్తే, పోయడంలోనో ఆరబెట్టడంలోనో ఏదో జరిగిందని అర్థం.

ఈ ప్లేటులో ఉన్న జింక్ ఆక్సైడ్ 12 మిల్లీగ్రాములు, అంటే చదరపు సెంటీమీటరుకు దాదాపు 0.2 మిల్లీగ్రాములు. ఈ సంఖ్యను నోటుపుస్తకంలో రాసి పెట్టుకోండి, చివరి దశల్లో దీనితోనే పని పడుతుంది.

ఒక్క మోతాదుతో ఆగకుండా 0, 1, 3, 5 శాతాలతో నాలుగు రకాల ఫిల్మ్‌లు తయారుచేయండి. వీటిలో సున్నా శాతం ఫిల్మ్‌ను తక్కినవాటితో పాటు, అదే రోజు, అదే అగార్ డబ్బా నుంచి తయారుచేయాలి. నెల క్రితం మిగిలిన ఖాళీ ఫిల్మ్‌ను తెచ్చి కంట్రోల్‌గా పెడితే ఆ పోలికకు విలువ ఉండదు.

మొదటి దశ: కణాలను నీటిలో విడదీయడం

డబ్బా మీద కణం పరిమాణం 20 లేదా 30 నానోమీటర్లని రాసి ఉండవచ్చు. అది ఒక్కొక్క కణం పరిమాణం. డబ్బాలో ఉన్న పొడిలో మాత్రం ఆ కణాలు ఒకదానికొకటి అతుక్కొని వందల నానోమీటర్ల నుంచి మైక్రాన్ల దాకా ఉండే గుంపులుగా ఉంటాయి. వాటిని విడదీయకుండా అగార్‌లో కలిపితే తయారయ్యేది తెల్లని సున్నపు చుక్కలున్న పొర మాత్రమే.

పొడి నానో పదార్థాన్ని ఫ్యూమ్ హుడ్‌లోనే తూచండి. చేతికి నైట్రైల్ గ్లోవ్స్, ముఖానికి సన్నని ధూళికణాలను ఆపగల రెస్పిరేటర్ మాస్కు ఉండాలి. గుడ్డ మాస్కు దీనికి పనికిరాదు. తూచిన వెంటనే పొడి మీద కొద్దిగా నీరు వేసి తడిపేస్తే, ఆ తరువాత అది గాలిలోకి లేచే ప్రమాదం చాలావరకు తగ్గుతుంది.

0.06 గ్రాముల పొడిని 20 మి.లీ. డిస్టిల్డ్ వాటర్‌లో వేసి, బీకరును మంచు నీటిలో ఉంచి, 20 కిలోహెర్ట్జ్ ప్రోబ్ సోనికేటర్‌తో 5 సెకన్లు నడిపి 5 సెకన్లు ఆపుతూ మొత్తం 10 నిమిషాలు చేయండి. మంచు లేకపోతే నీరు వేడెక్కి, విడిపోయిన కణాలు మళ్లీ గుంపు కట్టే అవకాశం ఉంది. ప్రోబ్ కొన నీటిమట్టానికి సుమారు ఒక సెంటీమీటరు లోతున ఉండాలి. పైపైన ఉంటే నురగ వస్తుంది, మరీ కిందికి దించితే బీకరు అడుగును కొడుతుంది. ప్రోబ్ లేనివారు బాత్ సోనికేటర్‌లో 30 నుంచి 60 నిమిషాలు ఉంచవచ్చు, కానీ ఫలితం అంత బాగుండదు.

సోనికేషన్ ముగిసిన తరువాత కొద్దిగా ద్రవాన్ని పరీక్షనాళికలో తీసి అరగంట కదలకుండా నిలబెట్టండి. ద్రవమంతా సమానంగా పాలవలె ఉంటే ముందుకు వెళ్లవచ్చు. పైన తేటనీరు, అడుగున తెల్లని తెట్టు కనిపిస్తే మళ్లీ సోనికేట్ చేయండి. డైనమిక్ లైట్ స్కాటరింగ్ పరికరం అందుబాటులో ఉంటే గుంపుల సగటు పరిమాణాన్ని కొలిచి రాసుకోండి. ఆ సంఖ్య డబ్బా మీది సంఖ్యకు ఎన్నో రెట్లు ఉంటే కంగారు పడనక్కరలేదు, కానీ నివేదికలో డబ్బా మీది సంఖ్య కాకుండా మీరు కొలిచిన సంఖ్యనే రాయండి.

రెండవ దశ: అగార్ ద్రావణం

80 మి.లీ. చల్లని నీటిలో గ్లిసరాల్ కలిపి, స్టిర్రర్ తిరుగుతుండగా 2 గ్రాముల అగార్‌ను కొద్దికొద్దిగా చల్లండి. వేడినీటిలో ఒక్కసారిగా కుమ్మరిస్తే పైభాగం జిగురై లోపల పొడిగా ఉండే ఉండలు కడతాయి, వాటిని తరువాత కరిగించడం పెద్ద తలనొప్పి. పావుగంట నాననిచ్చి, బీకరు మీద మూత ఉంచి, 95 డిగ్రీలకు తీసుకువెళ్లి, ద్రావణం పూర్తిగా తేటపడేదాకా సుమారు అరగంట కలపండి. వేడి చేయడానికి ముందు బీకరును తూచి ఉంచుకుంటే, ఆవిరైన నీటిని అదే బరువు వచ్చేదాకా తిరిగి కలపవచ్చు. ఈ చిన్న పనిని వదిలేస్తే ప్లేటుకూ ప్లేటుకూ మందం మారిపోతుంది.

గ్లిసరాల్ ఎందుకంటే, అది లేని అగార్ పొర ఆరగానే పెళుసుగా మారి, మడతపెడితే విరుగుతుంది. గ్లిసరాల్ మరీ ఎక్కువైతే పొర జిడ్డుగా, సాగుతూ, తేమను మరింతగా లాక్కునేదిగా తయారవుతుంది.

మూడవ దశ: కలపడం, పోయడం

అగార్ ద్రావణాన్ని 65 డిగ్రీలకు చల్లారనివ్వండి. ఈలోగా నానో కణాల ద్రవాన్ని కూడా 60 డిగ్రీలకు వేడి చేయండి. నేను మొదటిసారి ఈ పని చేసినప్పుడు సోనికేటర్ నుంచి తీసిన చల్లని ద్రవాన్ని అలాగే వేడి అగార్‌లో పోశాను. చల్లని ద్రవం తగిలినచోటల్లా అగార్ అక్కడికక్కడే గడ్డకట్టి, బీకరు నిండా సగ్గుబియ్యం ఉడికినట్లు తెల్లని గింజలు తేలాయి. అగార్ గడ్డకట్టేది 40 డిగ్రీల లోపే అయినా తిరిగి కరగాలంటే 85 డిగ్రీలు దాటాలి. కాబట్టి ఒకసారి గింజ కట్టిందంటే 60 డిగ్రీల దగ్గర ఎంత కలిపినా అది పోదు.

రెండు ద్రవాలనూ సన్నని ధారగా కలిపి, 60 డిగ్రీల దగ్గరే 20 నిమిషాలు నిదానంగా తిప్పండి. వేగంగా తిప్పితే గాలి బుడగలు చేరతాయి, ప్రతి బుడగా ఎండిన ఫిల్మ్‌లో సూదిబెజ్జంగా మిగులుతుంది. చివరి ఐదు నిమిషాలు వేగం బాగా తగ్గించి బుడగలు పైకి రానివ్వండి. బుడగలు పోవడానికని స్టిర్రర్‌ను పూర్తిగా ఆపి గంటసేపు ఉంచకండి, ఆలోగా కణాలు దిగిపోతాయి.

పాలిస్టైరీన్ పెట్రీ ప్లేట్లను ముందే 50 డిగ్రీల ఓవెన్‌లో వెచ్చబెట్టి, స్పిరిట్ లెవెల్‌తో సరిచూసిన బల్ల మీద ఉంచండి. గాజు ప్లేటుకు అగార్ గట్టిగా అంటుకుంటుంది, ఊడదీసేటప్పుడు చిరుగుతుంది. వెచ్చబెట్టిన పిపెట్‌తోనో సిలిండర్‌తోనో సరిగ్గా 20 మి.లీ. కొలిచి ప్లేటు మధ్యలో పోసి, అంచుల దాకా దానంతట అదే పారనివ్వండి. బల్ల ఒక పక్కకు వాలి ఉంటే తయారయ్యే ఫిల్మ్ ఒక అంచున 40, మరొక అంచున 80 మైక్రాన్ల మందం ఉండవచ్చు. అప్పుడు ఆ తరువాత చేసే ఏ కొలతా నమ్మదగినది కాదు. పావుగంటలో ద్రవం గడ్డకడుతుంది. ఇప్పటినుంచి జింక్ ఎక్కడున్నదో అక్కడే ఉంటుంది.

నాలుగవ దశ: ఆరబెట్టడం, ఊడదీయడం, తేమను సమం చేయడం

ప్లేట్లను 40 డిగ్రీల ఓవెన్‌లో ఒకటి రెండు రోజులు ఆరనివ్వండి. తొందరపడి 60, 70 డిగ్రీలకు పెంచితే అంచులు ముందుగా ఎండి ముడుచుకుంటాయి, మధ్యభాగం చిట్లుతుంది. ఫిల్మ్ అంచు ప్లేటు గోడ నుంచి దానంతట అదే విడిపోతున్నప్పుడు, సన్నని బ్లేడుతో ఒకచోట అంచును లేపి, నిదానంగా ఒకే దిశలో లాగండి.

ఊడదీసిన ఫిల్మ్‌లన్నిటినీ మెగ్నీషియం నైట్రేట్ సంతృప్త ద్రావణం ఉన్న డెసికేటర్‌లో 25 డిగ్రీల దగ్గర రెండు రోజులు ఉంచండి. ఆ ద్రావణం లోపలి గాలి తేమను 53 శాతం దగ్గర నిలుపుతుంది. అగార్ ఫిల్మ్ బలం, సాగే గుణం దానిలోని తేమను బట్టి విపరీతంగా మారుతాయి కనుక, ఈ దశ తప్పించి తీసిన కొలతలను ఒకదానితో ఒకటి పోల్చడానికి వీలుండదు.

ఐదవ దశ: జింక్ ఆక్సైడ్ ఇంకా జింక్ ఆక్సైడ్‌గానే ఉందా?

ముందు కంటితో చూడండి. ఫిల్మ్‌ను వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే పలుచని పాలరంగు అంతటా ఒకేలా ఉండాలి. తెల్లని చుక్కలు కనిపిస్తే గుంపులు విడిపోలేదు. ఖాళీ ఫిల్మ్‌కూ 5 శాతం ఫిల్మ్‌కూ తేడాయే లేకుండా రెండూ తేటగా ఉంటే అనుమానించాలి.

తరువాత ఫిల్మ్ ముక్కను నేరుగా స్పెక్ట్రోఫోటోమీటర్‌లో ఉంచి, గాలిని బ్లాంక్‌గా తీసుకొని, 200 నుంచి 800 నానోమీటర్ల వరకు స్కాన్ చేయండి. జింక్ ఆక్సైడ్ ఒక సెమీకండక్టర్. దాని బ్యాండ్ గ్యాప్, అంటే కాంతిని పీల్చుకోవడానికి దానికి కావలసిన కనీస శక్తి, సుమారు 3.3 ఎలక్ట్రాన్ వోల్టులు. అందువల్ల 370 నానోమీటర్లకు దగ్గరలో కాంతిని పీల్చుకోవడం ఒక్కసారిగా మొదలవుతుంది, గ్రాఫులో అది నిట్టనిలువు మెట్టులా కనిపిస్తుంది. ఆ మెట్టు ఉంటే కణాలు బతికి ఉన్నాయి. కరిగిన జింక్ అయాన్లకు ఆ మెట్టు ఉండదు. కైటోసాన్ గురించి ముందు చెప్పిన అనుమానాన్ని కూడా ఈ ఒక్క స్కాన్‌తో, పైసా అదనపు ఖర్చు లేకుండా తీర్చుకోవచ్చు. ఎక్స్‌రే డిఫ్రాక్షన్ వసతి ఉంటే, రాగి కె–ఆల్ఫా కిరణాలతో 31.8, 34.4, 36.3 డిగ్రీల దగ్గర వరుసగా మూడు శిఖరాలు కనిపించాలి. ఫిల్మ్‌ను అడ్డంగా విరిచి ఆ అంచును ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద చూస్తే, కణాలు మందమంతటా ఉన్నాయో, ఒక ముఖం వైపే చేరాయో తెలుస్తుంది.

బలానికీ ఆవిరి నిరోధానికీ ప్రామాణిక పద్ధతులు ఉన్నాయి. వాటిని క్లుప్తంగా చెబుతాను. మందాన్ని 0.001 మిల్లీమీటరు వరకు చూపే మైక్రోమీటరుతో కనీసం ఐదు చోట్ల కొలవండి. లాగుడు బలానికి ఏఎస్‌టీఎమ్ డీ882 పద్ధతిని అనుసరించి, అంచుల్లో గంట్లు లేకుండా పదునైన బ్లేడుతో పట్టీలు కోయండి. నీటి ఆవిరి ప్రసారానికి ఏఎస్‌టీఎమ్ ఈ96లోని కప్పు పద్ధతి సరిపోతుంది. కప్పులో నీరు పోసి, పైన ఫిల్మ్ బిగించి, గంటగంటకూ బరువు తూచి, తగ్గుదల సరళరేఖగా మారిన భాగాన్నే లెక్కలోకి తీసుకోవాలి. నీటిమట్టానికీ ఫిల్మ్‌కూ మధ్య ఉన్న గాలి కూడా ఆవిరిని కొంత అడ్డుకుంటుంది కనుక, అగార్ వంటి ఆవిరిని బాగా వదిలే ఫిల్మ్‌లకు ఆ సవరణ తప్పక చేయాలి.

ఆరవ దశ: బ్యాక్టీరియా పరీక్ష

ఫిల్మ్‌ను గుండ్రంగా కత్తిరించి, బ్యాక్టీరియా పరిచిన అగార్ ప్లేటు మీద పెట్టి, చుట్టూ ఏర్పడే ఖాళీ వలయాన్ని స్కేలుతో కొలవడం చాలామందికి అలవాటు. ఆ పరీక్ష కొలిచేది ఫిల్మ్ నుంచి మందు ఎంత దూరం వ్యాపించిందన్నదాన్నే. పాలిమర్‌లో చిక్కుకున్న కణం ఎక్కడికీ వ్యాపించదు. తనను తాకిన బ్యాక్టీరియాను అది చంపుతున్నా వలయం రాకపోవచ్చు. వలయం రాలేదని మంచి ఫిల్మ్‌ను పారేయకండి, వచ్చిందని మురిసిపోకండి.

ప్లాస్టిక్ ఉపరితలాలకు ఐఎస్ఓ 22196 అనే మంచి ప్రమాణం ఉంది. అందులో 50 మిల్లీమీటర్ల చదరపు ముక్క మీద 0.4 మి.లీ. బ్యాక్టీరియా ద్రవం వేసి, పైన పలుచని పొర కప్పి, 35 డిగ్రీల దగ్గర 24 గంటలు ఉంచుతారు. అయితే అగార్ ఫిల్మ్ ఆ 0.4 మి.లీ.ని పీల్చేసుకుంటుంది. అప్పుడు కాలనీలు తగ్గితే బ్యాక్టీరియా చనిపోయాయో, పొరలోకి ఇంకిపోయి చేతికి రాలేదో తెలియదు. కాబట్టి నీటిని పీల్చే ఫిల్మ్‌లకు, ఫిల్మ్ ముక్కలను బ్యాక్టీరియా ద్రవంలో వేసి కలుపుతూ ఉండే ఫ్లాస్కు పద్ధతి నయం.

హానికరం కాని స్ట్రెయిన్లతోనే పని చేయండి: గ్రామ్ నెగటివ్ కోసం ఈ. కోలై కే–12, గ్రామ్ పాజిటివ్ కోసం లిస్టీరియా ఇనోక్యువా. రాత్రంతా పెంచిన కల్చర్‌ను సెంట్రిఫ్యూజ్ చేసి, కడిగి, మి.లీ.కు సుమారు 3,00,000 బ్యాక్టీరియా ఉండేలా పలుచన చేయాలి. ఏ ద్రవంలో పలుచన చేస్తున్నారన్నది చాలా ముఖ్యం. ఫాస్ఫేట్ బఫర్‌లో ఉప్పులాగే ఫాస్ఫేట్ కూడా దండిగా ఉంటుంది; అది జింక్ అయాన్లతో కలిసి కరగని జింక్ ఫాస్ఫేట్‌గా దిగిపోతుంది. పోషకాలు నిండుగా ఉన్న బ్రాత్‌లోని ప్రొటీన్లు కూడా జింక్‌ను పట్టేసుకుంటాయి. రెండు సందర్భాల్లోనూ ఫిల్మ్ దోషం లేకుండానే ఫలితం పేలవంగా వస్తుంది. న్యూట్రియెంట్ బ్రాత్‌ను 500 రెట్లు పలుచన చేసి వాడితే బ్యాక్టీరియా ఆకలితో చావదు, జింక్‌కూ అడ్డంకి ఉండదు.

ఫిల్మ్ ముక్కలను ముందుగా యూవీ దీపం కింద రెండు వైపులా 20 నిమిషాల చొప్పున ఉంచండి. జింక్ ఆక్సైడ్ యూవీని అడ్డుకుంటుంది కనుక కిరణం లోపలికి దిగదు. ఒకవైపు మాత్రమే చూపితే రెండవ వైపు శుభ్రపడదు.

ఇప్పుడు ఒక్కొక్క ఫ్లాస్కులో 20 మి.లీ. బ్యాక్టీరియా ద్రవం తీసుకొని ఈ విధంగా అమర్చండి. ఒకదానిలో ఏ ఫిల్మూ వేయకండి. ఒకదానిలో 100 మిల్లీగ్రాముల ఖాళీ అగార్ ఫిల్మ్, తక్కినవాటిలో అంతే బరువున్న 1, 3, 5 శాతాల ఫిల్మ్‌లు వేయండి. మరొక ఫ్లాస్కు గురించి చాలామంది ఆలోచించరు: అందులో ఫిల్మ్ ఉండదు, కరిగిన జింక్ సల్ఫేట్ మాత్రమే ఉంటుంది. బ్యాక్టీరియా లేని అదే ద్రవంలో 3 శాతం ఫిల్మ్‌ను 24 గంటలు ఉంచి, బయటికి వచ్చిన జింక్ ఎంతో అటామిక్ అబ్జార్‌ప్షన్ (ద్రవంలోని లోహాన్ని కొలిచే) పరికరంతో కొలిచి, సరిగ్గా అంత జింక్ ఇచ్చేలా ఈ ఫ్లాస్కును తయారుచేయాలి. 100 మిల్లీగ్రాముల 3 శాతం ఫిల్మ్‌లోని జింక్ అంతా కరిగినా లీటరుకు 90 మిల్లీగ్రాములకు మించదు. మీ కొలత అంతకంటే ఎక్కువ వస్తే పరికరాన్నో పలుచన లెక్కనో సరిచూసుకోండి. జింక్ సల్ఫేట్ ఫ్లాస్కులోనూ ఫిల్మ్ ఫ్లాస్కులోనూ బ్యాక్టీరియా ఒకేలా తగ్గితే, చంపింది ప్రధానంగా అయాన్లే. ఫిల్మ్ ఫ్లాస్కులో ఇంకా ఎక్కువగా తగ్గితే, కణాలు నేరుగా తాకడం వల్లనో, వాటి ఉపరితలం మీద పుట్టే చురుకైన ఆక్సిజన్ రూపాల వల్లనో అదనపు ప్రభావం ఉన్నదనుకోవచ్చు. వెలుతురు ఈ రెండవదాన్ని పెంచుతుంది కాబట్టి ఫ్లాస్కులన్నిటినీ చీకటిలోనే ఉంచండి. ప్యాకెట్ ఉండేది సాధారణంగా ఫ్రిజ్ చీకటిలోనే కదా.

0, 3, 6, 12, 24 గంటల దగ్గర కొద్దిగా ద్రవం తీసి, మొదటి పలుచనను లెసిథిన్, పాలిసార్బేట్ 80 ఉన్న న్యూట్రలైజింగ్ బ్రాత్‌లో చేయండి. లేకపోతే వెంట వచ్చిన జింక్ ప్లేటులో కూడా పని చేస్తూనే ఉండవచ్చు. ఆ బ్రాత్ జింక్‌ను నిజంగా ఆపుతున్నదో లేదో విడిగా ఒకసారి సరిచూసుకోవాలి. పదేసి రెట్లు పలుచన చేసుకుంటూ పోయి, 30 నుంచి 300 కాలనీలు వచ్చిన ప్లేట్లనే లెక్కించండి.

ఖాళీ ఫిల్మ్ ఫ్లాస్కులో 24 గంటల తరువాత మి.లీ.కు 3,00,000, నానో ఫిల్మ్ ఫ్లాస్కులో 2,400 మిగిలాయనుకుందాం. లాగ్ (10 ఆధారంగా లాగరిథమ్) విలువలు 5.48, 3.38, తేడా 2.1. దీన్ని శాతంలో చెబితే 99.2 అవుతుంది. శాతం వినడానికి ఘనంగా ఉంటుంది, కానీ 90 శాతం అంటే ఒక్క లాగ్ మాత్రమే. అనుకూలమైన వేడిలో మిగిలిన పది శాతం బ్యాక్టీరియా కొద్ది గంటల్లోనే పాత సంఖ్యకు చేరుకోగలదు. అందుకే ఫలితాలను ఎప్పుడూ లాగ్‌లలోనే, మూడు వేర్వేరు రోజుల ప్రయోగాల సగటుగా ఇవ్వండి. పోల్చవలసినది ఖాళీ ఫిల్మ్‌తోనే, ఫిల్మ్ లేని ఫ్లాస్కుతో కాదు.

ఏడవ దశ: ఆహారంలోకి ఎంత జింక్ దిగుతుంది?

ఇక్కడ మొదట రాసి పెట్టుకున్న సంఖ్యను బయటికి తీయండి. 3 శాతం ఫిల్మ్‌లో చదరపు సెంటీమీటరుకు 0.2 మిల్లీగ్రాముల జింక్ ఆక్సైడ్ ఉంది. అందులో జింక్ 80 శాతం, అంటే దాదాపు 0.16 మిల్లీగ్రాములు. ఒక కిలో ఆహారాన్ని 6 చదరపు డెసిమీటర్ల, అంటే 600 చదరపు సెంటీమీటర్ల పొర తాకుతుందని యూరోపియన్ నిబంధనల్లో లెక్క కడతారు. జింక్ అంతా ఆహారంలోకి దిగితే కిలోకు సుమారు 95 మిల్లీగ్రాములు. ప్లాస్టిక్ పదార్థాల కోసం రాసిన యూరోపియన్ యూనియన్ నిబంధన 10/2011లో జింక్ పరిమితి, 2016లో చేసిన సవరణ తరువాత, కిలో ఆహారానికి 5 మిల్లీగ్రాములు. అగార్ ప్లాస్టిక్ కాకపోయినా ఈ పరిమితిని కొలబద్దగా తీసుకుంటే, ఫిల్మ్‌లోని జింక్‌లో సుమారు 5 శాతానికి మించి బయటికి పోకూడదన్నమాట.

ఫిల్మ్‌ను ఆ నిబంధనలోని ప్రామాణిక ద్రవాల్లో, ఉదాహరణకు 10 శాతం ఇథనాల్‌లోనూ 3 శాతం ఎసిటిక్ ఆమ్లంలోనూ, 40 డిగ్రీల దగ్గర 10 రోజులు ఉంచి జింక్‌ను కొలవండి. ఆమ్లంలో ఏం జరుగుతుందో మీరు ఈపాటికే ఊహించి ఉంటారు. బీకరులో కైటోసాన్ ద్రావణంతో జరిగినదే ఇక్కడా జరుగుతుంది: జింక్ ఆక్సైడ్ కరిగి దాదాపు మొత్తం బయటికి వచ్చేస్తుంది. కాబట్టి ఈ ఫిల్మ్ పుల్లని ఆహారాలకు పనికిరాదు; ఈ మాటను మీ నివేదికలో స్పష్టంగా రాయండి. 5 శాతం ఫిల్మ్ బ్యాక్టీరియాను బాగా చంపిందని దానివైపు మొగ్గే ముందు కూడా ఈ లెక్కనే చూడండి. నానో రూపంలోని పదార్థాన్ని ఆ రూపంలోనే ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప ప్లాస్టిక్‌లో వాడకూడదని కూడా అదే నిబంధన చెబుతుంది. మామూలు జింక్ ఆక్సైడ్‌కు అనుమతి ఉన్నంత మాత్రాన నానో జింక్ ఆక్సైడ్‌కు అది వర్తించదు.

ఎనిమిదవ దశ: ఆహారం మీద ప్రయత్నం

ఈ ఫిల్మ్ తాను తాకినచోటే ప్రధానంగా పనిచేస్తుంది. గరుకుగా, ఎగుడుదిగుడుగా ఉన్న ఆహారం మీద సగం చోట్ల గాలి మిగిలిపోతుంది. చదునుగా కోసిన, తేమ తక్కువగా ఉన్న, పులుపు లేని ముక్కలను ఎంచుకోండి; గట్టి చీజ్ ముక్కలు ఇందుకు అనువుగా ఉంటాయి. ఒక భాగాన్ని ఖాళీ ఫిల్మ్‌ల మధ్య, ఒక భాగాన్ని నానో ఫిల్మ్‌ల మధ్య, ఒక భాగాన్ని మామూలు పాలిథిన్‌లో ఉంచి, 4 డిగ్రీల దగ్గర నిల్వ చేయండి. మూడేసి రోజులకొకసారి ముక్కలను తూచి, నలగగొట్టి, పలుచన చేసి కాలనీలు లెక్కించండి; చీజ్‌లో తయారీకి వాడిన మంచి బ్యాక్టీరియా ముందే ఉంటుంది కనుక మొత్తం సంఖ్యను కాకుండా, మీరు ఉపరితలం మీద కావాలని చల్లిన లిస్టీరియా ఇనోక్యువాను దానికి తగిన సెలెక్టివ్ మీడియం మీద లెక్కించాలి. ఫ్లాస్కులో రెండు లాగ్‌లు తగ్గించిన ఫిల్మ్ ఇక్కడ అర లాగ్ మాత్రమే తగ్గిస్తే ఆశ్చర్యపోకండి. ఆహారంలోని ప్రొటీన్, కొవ్వు జింక్‌ను అడ్డుకుంటాయి, చలిలో చర్యలన్నీ మందగిస్తాయి. ఆ అర లాగ్‌నే ఉన్నదున్నట్లుగా నివేదించండి.

ప్రయోగానికి వాడిన ఆహారాన్ని ఎవరూ రుచి చూడకూడదు. బ్యాక్టీరియా తగిలిన ఫిల్మ్‌లు, ప్లేట్లు, ఆహారం అన్నిటినీ 121 డిగ్రీల దగ్గర ఆటోక్లేవ్ చేసిన తరువాతనే పారవేయండి. మిగిలిన నానో కణాల ద్రవాన్ని సింకులో పోయకుండా, లోహ వ్యర్థాల సీసాలో చేర్చి, దాని మీద జింక్ పరిమాణం, తేదీ రాసి ఉంచండి.